చెత్త నుంచి ప్లాస్టిక్: వీడిన చిక్కులు, వీడని చిక్కులు

మదనపల్లెలోనో పత్తికొండలోనో టమాటా ధర పడిపోయినప్పుడల్లా రోడ్డు పక్కన పారబోసిన గుట్టల ఫొటోలు పత్రికల్లో వస్తాయి. కూరగాయల వ్యర్థాలతో మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ తయారైందన్న వార్తలూ అడపాదడపా వస్తూనే ఉంటాయి. రెండు రకాల వార్తలూ నిజమే. ఆ గుట్టను ఈ ప్లాస్టిక్‌గా మార్చే ఫ్యాక్టరీ మాత్రం మార్కెట్ యార్డు పక్కన ఎక్కడా కనిపించదు. ఎందుకు కనిపించదన్న దానిపై సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు ఒకటి చెబుతారు, రసాయన ఇంజనీర్లు మరొకటి చెబుతారు, ఊరి చెత్త ఎత్తించే మునిసిపల్ ఇంజనీర్ల అనుభవం ఇంకోలా ఉంటుంది.

ఈ వాదన ఇంతగా చిక్కుపడడానికి ప్రధాన కారణం మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా అడగడం. చెయ్యగలమా అన్నది మొదటిది. గిట్టుబాటు అవుతుందా అన్నది రెండోది. వాడి పారేశాక ఏమవుతుంది అన్నది మూడోది. మొదటిదానికి జవాబు దొరికి దాదాపు వందేళ్లయింది. మిగతా రెండింటికి జవాబు ఏ చెత్త, ఏ ఊరు, ఏ వస్తువు అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

పేరులోనూ తికమక ఉంది. 'బయోప్లాస్టిక్' అన్న మాట దేనితో తయారైందో చెబుతుందా, ఎలా కలిసిపోతుందో చెబుతుందా? బ్రెజిల్‌లో చెరకు నుంచి చేసే పాలిథిన్ మొక్క నుంచి వచ్చిందే. కానీ అది మామూలు పాలిథిన్ లాగే శతాబ్దాలు పడి ఉంటుంది. కంపోస్టు అయ్యే కవర్లలో ఎక్కువగా వాడే పీబీఏటీ పెట్రోలియం నుంచి వస్తుంది, అయినా కంపోస్టులో విరిగిపోతుంది. తిరుమలలో లడ్డూల కోసం 2021 ఆగస్టులో డీఆర్‌డీఓ పరిచయం చేసిన కవర్లు మొక్కజొన్న పిండి ఆధారంగా చేసినవి. వాటిలో బ్యాక్టీరియా పని లేదు. ఈ వ్యాసం పరిధి ఇంకా ఇరుకైనది: కూరగాయల వ్యర్థాలను బ్యాక్టీరియా పులియబెట్టగా వచ్చే ప్లాస్టిక్.

గాదె నింపుకునే జీవి

1926లో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మారిస్ లెమోయిన్ మట్టిలో ఉండే బాసిలస్ మెగాటీరియం అనే బ్యాక్టీరియా కణాల్లో ఒక కొత్త పదార్థాన్ని గుర్తించాడు. దాని పూర్తి పేరు పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్, పొట్టిగా పీహెచ్‌బీ. తర్వాత ఇలాంటివే చాలా బయటపడ్డాయి. ఆ కుటుంబం మొత్తానికి పీహెచ్ఏ అని పేరు.

బ్యాక్టీరియా దీన్ని చేసే తీరు రైతుకు వెంటనే అర్థమవుతుంది. చుట్టూ తినడానికి చక్కెరలు, ఆమ్లాలు పుష్కలంగా ఉన్నా నత్రజనో భాస్వరమో కరువైతే ఆ కణం పెరగలేదు, చీలలేదు. అందిన తిండిని వృథా పోనివ్వకుండా లోపల చిన్న చిన్న రేణువులుగా దాచుకుంటుంది. పండిన ఏడు గాదె నింపుకోవడం లాంటిదే ఇది. పరిస్థితి అనుకూలిస్తే ఎండు బరువులో 80 శాతానికి పైగా కూడా ఈ నిల్వే ఉంటుంది. తిండి దొరకనప్పుడు అదే కణం ఆ నిల్వను కరిగించుకుని తింటుంది. ఈ ప్లాస్టిక్ మట్టిలో ఎందుకు కలిసిపోతుందన్న దానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. దీన్ని తిండిగా గుర్తుపట్టే ఎంజైములున్న సూక్ష్మజీవులు నేలలోనూ నీళ్లలోనూ అంతటా ఉన్నాయి.

పెట్రోలియం చవకగా దొరికినన్నాళ్లు దీని వైపు పెద్దగా ఎవరూ చూడలేదు. అమెరికాలో డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ 1950ల చివర ఒక ప్రయత్నం చేసి వదిలేసింది. 1973 చమురు సంక్షోభం తర్వాత బ్రిటన్‌కు చెందిన ఐసీఐ దీన్ని గట్టిగా పట్టుకుంది. వాళ్లకు మొదట ఎదురైన అడ్డంకి ధర కాదు, పెళుసుదనం. పీహెచ్‌బీ 175 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దానికి కాస్త పైన విరిగిపోవడమూ మొదలవుతుంది. లాగితే అయిదు శాతం సాగేసరికే తెగుతుంది. పాలీప్రొపిలీన్ వందల శాతం సాగుతుంది. బ్యాక్టీరియాకు గ్లూకోజుతో పాటు ప్రొపియోనిక్ ఆమ్లం కూడా పెడితే గొలుసులో వాలరేట్ అనే మరో లంకె చేరి పదార్థం మెత్తబడుతుందని ఐసీఐ కనిపెట్టింది. 'బయోపాల్' పేరుతో వచ్చిన ఆ ప్లాస్టిక్‌తో 1990లో జర్మనీలో వెల్లా కంపెనీ షాంపూ సీసాలు చేసింది.

ఆ తర్వాతి చరిత్ర చేతులు మారిన చరిత్ర. ఐసీఐ నుంచి 1993లో జెనెకాకు, 1996లో మొన్‌శాంటోకు, 2001లో మెటాబాలిక్స్‌కు వెళ్లింది. మెటాబాలిక్స్, ఏడీఎం కలిసి అయోవా రాష్ట్రం క్లింటన్‌లో ఏటా 50,000 టన్నుల సామర్థ్యంతో ప్లాంటు కట్టాయి. 2012 జనవరిలో ఏడీఎం తప్పుకుంది. చక్కెర దుంప మొలాసిస్‌తో పీహెచ్ఏ చేస్తామన్న ఇటలీ కంపెనీ బయో-ఆన్ 2019 డిసెంబరులో దివాలా తీసింది. అమెరికాలో డానిమర్ సైంటిఫిక్ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరింది. జపాన్‌లో కనేకా మాత్రం మొక్కల నూనెలతో ఏటా వేల టన్నుల స్థాయిలో నిలదొక్కుకుంది. ఇన్ని కంపెనీలు చేతులెత్తేసినా బ్యాక్టీరియా తన పని చెయ్యలేదన్న ఫిర్యాదు ఏ ఒక్క చోటా లేకపోవడం గమనించాలి.

వీళ్లంతా వాడినవి శుభ్రమైన చక్కెరలు, నూనెలు, మొలాసిస్. కిలో పీహెచ్‌బీకి సుమారు మూడు కిలోల చక్కెర కావాలి. ఉత్పత్తి ఖర్చులో దాదాపు సగం ముడిసరుకుకే పోతుంది. కాబట్టి ఆ చక్కెరను ఊరికే దొరికే చెత్తలోంచి తీసుకుంటే ఖర్చు దిగదా అన్న ఆలోచన సహజంగానే పుట్టింది. అక్కడి నుంచి దారులు చీలాయి.

నాలుగు దారులు

మొదటి దారిలో నమ్మకం ఒకే ఒక్క మేలైన బ్యాక్టీరియా మీద. క్యుప్రియావిడస్ నెకేటర్ ఈ వర్గానికి ఇష్టదైవం. కూరగాయల వ్యర్థాలను నూరి, ఎంజైములతో పిండినీ పీచునూ చక్కెరలుగా విడగొట్టి, ఆవిరితో 121 డిగ్రీల దగ్గర శుద్ధి చేసి, ఆ రసంలో ఈ ఒక్క జాతినే పెంచుతారు. దిగుబడి ఎక్కువ, సరుకు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. పిండి పదార్థాన్ని నేరుగా తినలేని నెకేటర్ బదులు, తినగలిగే బాసిలస్ జాతులను వాడితే ఎంజైముల ఖర్చు తగ్గుతుందని కొందరు చూపారు. ఢిల్లీ ఐజీఐబీలో వి.సి. కాలియా బృందం బఠాణీ తొక్కల మీద చేసిన పని ఈ కోవలోదే. పీహెచ్‌బీ జన్యువులను 1988-89 ప్రాంతంలో గుర్తించి ఈ.కోలైలోకి మార్చడంతో ఈ దారి మరింత వెడల్పయింది. 1992లో ఒక మొక్కలోనే ఈ ప్లాస్టిక్ చేయించారు కూడా. దీని బలహీనత ఒకటే: స్టీలు ట్యాంకులకూ ఆవిరికీ అయ్యే ఖర్చు. ఊరికే వచ్చిన చెత్తను శుద్ధి చేసేసరికి అది చక్కెర కన్నా ప్రియమయ్యే ప్రమాదం ఉంది.

రెండో దారి గుంపును నమ్ముకుంటుంది. ఇడ్లీ పిండిలో ఎవరూ ఫలానా బ్యాక్టీరియా అని ఏరి వెయ్యరు. పప్పు, బియ్యం, వెచ్చదనం సరిగ్గా కుదిరితే కావలసిన జీవి దానంతటదే పైచేయి సాధిస్తుంది. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం బృందాలు ఈ సూత్రాన్నే శాస్త్రంగా మలిచాయి. ఇందులో మూడు ట్యాంకులు. మొదటి దాంట్లో గాలి తగలకుండా చెత్త పులిసి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ వంటి ఆమ్లాలుగా మారుతుంది. రెండో దాంట్లో మురుగు శుద్ధి బురదలోని గుంపుకు కాసేపు విందు, తర్వాత చాలాసేపు పస్తు. విందు వేళ దాచుకోగలిగినవే పస్తును తట్టుకుంటాయి కాబట్టి కొన్ని వారాల్లో దాచుకునే జాతులే మిగులుతాయి. మూడో దాంట్లో వాటికి కడుపు నిండా ఆమ్లాలు పోస్తారు. ఇలా ఏరబడ్డ ప్లాస్టిసిక్యుములాన్స్ అసిడివొరాన్స్ అనే జీవి ఎనిమిది గంటల లోపే తన ఎండు బరువులో 89 శాతం పీహెచ్ఏ నింపుకున్నట్టు 2009లో చూపారు. అది ప్రయోగశాలలో శుద్ధమైన ఆమ్లంతో వచ్చిన అంకె. నిజమైన చెత్తతో ఇందులో సగం, ఇంకాస్త పైన వస్తే మంచి ఫలితమే. ఇటలీలోని ట్రెవీజోలో ఊరి ఆహార వ్యర్థాలనూ మురుగు బురదనూ కలిపి ఐరోపా సంఘం 'రెస్ అర్బిస్' పథకం కింద ఈ పద్ధతిని పైలట్ స్థాయిలో నడిపారు. మన దగ్గర హైదరాబాద్ ఐఐసీటీలో ఎస్. వెంకటమోహన్ బృందం ఆహార వ్యర్థాల మీదా, హైడ్రోజన్ తీశాక మిగిలిన ఆమ్లాల మీదా ఇలాంటి గుంపులతోనే పరిశోధన చేసింది.

మూడో దారి ఉప్పుది. బీజింగ్ చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో జార్జ్ చెన్ బృందం హాలోమోనాస్ అనే ఉప్పునీటి బ్యాక్టీరియాను వాడుతుంది. అంత ఉప్పులో, క్షారంలో ఇతర జీవులు బతకవు కనుక ట్యాంకుకు మూత లేకపోయినా, ఆవిరి శుద్ధి లేకపోయినా పరవాలేదు. హాలోఫెరాక్స్ అనే మరో జీవిని మంచినీళ్లలో వేస్తే చాలు, కణం పగిలి ప్లాస్టిక్ బయటికొస్తుంది. అయితే ఆ ఉప్పునీళ్లను చివరికి ఎక్కడ వదలాలన్నది మెట్ట ప్రాంతాల్లో చిన్న ప్రశ్న కాదు.

నాలుగో దారి లాక్టిక్ ఆమ్లానిది. కూరగాయల మీద ఈ ఆమ్లం చేసే బ్యాక్టీరియా ముందే ఉంటుంది. దాన్ని వేరు చేసి, రసాయనికంగా గొలుసు కడితే పీఎల్ఏ వస్తుంది. కాబట్టి ఇందులో బ్యాక్టీరియా వాటా సగమే. పీఎల్ఏకు పెద్ద బజారు ఇప్పటికే ఉంది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో నేచర్‌వర్క్స్ 2002 నుంచే లక్ష టన్నులకు పైబడిన సామర్థ్యంతో దీన్ని చేస్తోంది. ఉత్తరప్రదేశ్‌లో బలరాంపూర్ చీనీ మిల్స్ ఏటా 75,000 టన్నులకు పైగా సామర్థ్యంతో ప్లాంటు తలపెట్టింది. రెండూ పంటనే నమ్ముకున్నాయి, అక్కడ మొక్కజొన్న, ఇక్కడ చెరకు. లాక్టిక్ ఆమ్లంలో కుడి, ఎడమ రూపాలు రెండుంటాయి. కలగాపులగం చెత్తలో కలగాపులగం బ్యాక్టీరియా పెరిగితే రెండు రూపాలూ కలిసిపోయి, వచ్చిన ప్లాస్టిక్ మెత్తబడి పనికిరాకుండా పోతుంది.

2014లో ఇటలీలోని జెనోవా పరిశోధకులు పాలకూర, పార్స్‌లీ కాడలు, ఊక, కోకో తొక్కల నుంచి నేరుగా ప్లాస్టిక్ పొరలు తీసిన సంగతి తరచూ ఈ వార్తల్లో కలిసిపోతుంటుంది. అది ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లంలో కరిగించి చేసిన పని. పులియబెట్టడం కాదు.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే, సరుకు నాణ్యత మొదటి దారిలో ఎక్కువ, చెత్తను ఉన్నది ఉన్నట్టు తీసుకునే ఓర్పు రెండో దారిలో ఎక్కువ. ఉప్పు దారి ఆవిరి ఖర్చును నీటి సమస్యతో మార్చుకుంటుంది. లాక్టిక్ దారికి బజారుంది కానీ చెత్తతో పొత్తు కుదరదు. కూరగాయల మార్కెట్ వరకు మాట్లాడుకుంటే బరిలో గట్టిగా నిలిచేది రెండో దారేనన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. కారణం ఆ చెత్త స్వభావమే.

చెత్త ఎలాంటిది?

ప్రయోగశాల వ్యాసాల్లో 'కూరగాయల వ్యర్థాలు' అన్న మాట ఒకే వస్తువులా కనిపిస్తుంది. మార్కెట్ యార్డులో అలా ఉండదు. టమాటాలో నూటికి 94 పాళ్లు నీళ్లే. క్యాబేజీలో 92. ఆలుగడ్డలో 80 దాకా నీళ్లుంటాయి, మిగిలింది ఎక్కువగా పిండి. ఆకుకూరల్లో, కాలీఫ్లవర్ ఆకుల్లో నత్రజని ఎక్కువ. నత్రజని కరువైతేనే దాచుకునే జీవికి ఆకుకూరలు పెడితే దాచుకోవడం మానేసి పెరగడం మొదలుపెడుతుంది. బరువు పెరుగుతుంది, ప్లాస్టిక్ పెరగదు. ఉల్లి కుళ్లులోని గంధకపు పదార్థాలు కొన్ని సూక్ష్మజీవులకు గిట్టవు. వీటన్నిటిలో పురికొసలు, గోనె పీలికలు, పాలిథిన్ కవర్లు కలగలిసి ఉంటాయి. మట్టిలో కలిసే ప్లాస్టిక్ కోసం పెట్టిన ట్యాంకులోకి ముందుగా చేరేది మామూలు ప్లాస్టిక్కే.

సీజను సంగతి ఇంకా చిక్కైనది. గుంపు పద్ధతిలో ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు ఎక్కువైతే వచ్చే ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. ప్రొపియోనిక్, వాలరిక్ ఆమ్లాలు ఎక్కువైతే మెత్తగా ఉంటుంది. ఏ ఆమ్లం ఎంత వస్తుందన్నది ఆ రోజు వచ్చిన చెత్తను బట్టి, వేడిని బట్టి, ఆమ్లగుణాన్ని బట్టి మారుతుంది. సంక్రాంతి ముందు చిక్కుడు, గుమ్మడి కుప్పలతో వచ్చిన సరుకూ వేసవిలో పుచ్చకాయ తొక్కలతో వచ్చిన సరుకూ ఒకే గుణంతో ఉంటాయని కొనేవాడికి హామీ ఇవ్వడం కష్టం. ట్యాంకులో పరిస్థితులను సర్దుతూ ఆమ్లాల పాళ్లను అదుపులో పెట్టవచ్చని గుంపు వాదులు అంటారు. పైలట్ ప్లాంట్లలో కొంతవరకు చూపించారు కూడా. ఏడాది పొడవునా నడిచే భారతీయ మార్కెట్ చెత్త మీద ఆ పరీక్ష ఇంకా జరగవలసి ఉంది.

చెత్త ఎంత ఉందన్న లెక్కలోనూ అతిశయోక్తి ఉంది. దేశంలో పండిన కూరగాయల్లో 30-40 శాతం వృథా అవుతున్నాయన్న మాట వేదికల మీద తరచూ వినిపిస్తుంది. నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ 2022లో చేసిన అధ్యయనం ప్రకారం కోత తర్వాత కూరగాయల నష్టం పంటను బట్టి 4.87 నుంచి 11.61 శాతం. అది కూడా పొలం, లారీ, గోదాము, దుకాణం మధ్య చెదిరిపోయి ఉంటుంది. ఒకచోట కుప్పగా దొరికేది పెద్ద మార్కెట్లలో మాత్రమే. అక్కడా మేలైన భాగం పశువుల మేతకు, కుడితికి పోతుంది. ఎవరూ ఎత్తుకెళ్లనిదే చెత్తగా మిగులుతుంది.

బోయిన్‌పల్లి లెక్క

సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఈ చర్చకు మంచి కొలబద్ద. అక్కడ ఐఐసీటీ సాంకేతికతతో కట్టిన బయోగ్యాస్ ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల చెత్తతో 500 యూనిట్ల కరెంటు, వంటకు కొంత గ్యాస్ ఇస్తోందని 2021 జనవరి 31న ప్రధాని 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. అదే 10 టన్నులను ప్లాస్టిక్ చేస్తే?

ఇది అంచనా మాత్రమే. నూటికి 90 నీళ్లనుకుంటే మిగిలే ఎండు సరుకు 1,000 కిలోలు. అందులో తేలిగ్గా పులిసేది సగం అనుకుందాం, 500 కిలోలు. అది ఆమ్లాలుగా మారడంలో కొంత పోతుంది, ఆమ్లాలను బ్యాక్టీరియా తినడంలో మరింత పోతుంది. కణాల నుంచి తీసి శుద్ధి చేశాక చేతికొచ్చేది 100 కిలోలుంటే సంతోషించాలి. అంటే టన్ను చెత్తకు 10 కిలోలు, ఏడాదికి 35 టన్నుల చిల్లర. క్లింటన్ ప్లాంటు సామర్థ్యంలో అది వెయ్యో వంతు కూడా కాదు.

రూపాయల్లో చూస్తే బొమ్మ తిరగబడుతుంది. 500 యూనిట్ల కరెంటు విలువ రోజుకు మూడు, నాలుగు వేల రూపాయలు. పీహెచ్ఏ కిలో నాలుగైదు డాలర్లు పలుకుతుందనుకుంటే 100 కిలోల విలువ 35-40 వేల రూపాయలు. పది రెట్లు. ప్లాస్టిక్ వాదులు ఇక్కడ ఆగి చప్పట్లు కొడతారు. బయోగ్యాస్ వాదులు ఖర్చు వైపు వేలు చూపిస్తారు. బయోగ్యాస్‌కు గాలి ఊదనక్కర్లేదు, బ్యాక్టీరియాను పగలగొట్టనక్కర్లేదు, గ్యాస్ దానంతటదే పైకి లేస్తుంది. పీహెచ్ఏకు రెండు ట్యాంకుల్లో పగలూ రాత్రీ గాలి ఊదాలి, కణాలను నీళ్లలోంచి వడకట్టాలి, లోపలి రేణువులను బయటికి తియ్యాలి. ఈ చివరి పనికి క్లోరోఫాం వాడితే సరుకు స్వచ్ఛంగా వస్తుంది, కార్మికుడికీ పరిసరాలకూ చేటు. బ్లీచింగు ద్రావణం వాడితే చవక, కానీ ప్లాస్టిక్ గొలుసులు తెగి బలం తగ్గుతుంది. ఎంజైములు మంచివే, ఖరీదెక్కువ. ఇంతా చేసి నాణ్యత నిలకడగా లేకపోతే ఆ నాలుగైదు డాలర్ల ధర ఎవరూ ఇవ్వరు.

ఈ రెండు పక్షాలూ అనుకుంటున్నంత శత్రువులు కాకపోవచ్చు. బయోగ్యాస్ ట్యాంకులో కూడా చెత్త ముందు ఆమ్లాలుగానే మారుతుంది, ఆ తర్వాతే మీథేన్ అవుతుంది. ఆ మధ్య దశలో ఆమ్లాల రసాన్ని కొంత పక్కకు తీసి ప్లాస్టిక్ ట్యాంకులకు పంపి, మిగిలిన పీచునూ ప్లాస్టిక్ తీశాక మిగిలిన కణాల తుక్కునూ తిరిగి గ్యాస్‌కే వాడవచ్చు. ట్రెవీజోలో ప్రయత్నించింది దాదాపు ఇదే. గాలి ఊదడానికి కావలసిన కరెంటులో కొంత అక్కడే పుడుతుంది. చెత్త బాగాలేని రోజున మొత్తం గ్యాస్‌కే వదిలెయ్యవచ్చు. కొత్తగా విడి ఫ్యాక్టరీ కట్టడం కన్నా, నడుస్తున్న బయోగ్యాస్ ప్లాంటుకు ఒక చెయ్యి తగిలించడం తెలివైన పని.

పచ్చదనం లెక్కలో పేచీ

పెట్రోలియం బదులు చెత్త వాడుతున్నాం కనుక పర్యావరణానికి మేలే అన్నది పైకి తోచే మాట. 1999లో టిల్మన్ గెర్న్‌గ్రాస్ దానికి అడ్డం తిరిగాడు. స్వయంగా ఈ రంగంలో పనిచేసిన వాడే. మొక్కజొన్న సాగు నుంచి ఆవిరి, కరెంటు వరకు కలిపి చూస్తే కిలో పీహెచ్ఏకు ఖర్చయ్యే బొగ్గు, చమురు, గ్యాస్ కిలో పాలీస్టైరీన్‌కు ఖర్చయ్యే దానికన్నా తక్కువేమీ కాదని ఆయన లెక్క కట్టాడు. ఆ దెబ్బ నుంచి ఈ రంగం తేరుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

తర్వాత వచ్చిన లెక్కలు కొన్ని ఆయనను ఖండించాయి. పంట చొప్పను కాల్చి ఆవిరి చేస్తే ఫలితం తారుమారవుతుందని చూపాయి. చెత్తను ముడిసరుకుగా తీసుకుంటే సాగు భారం పోతుంది కదా అన్నది మరో వాదన. ఇక్కడ ఒక మెలిక ఉంది. చెత్తకు సున్నా భారం వెయ్యడం న్యాయమేనా? అదే చెత్త ప్లాస్టిక్‌కు రాకపోతే హైదరాబాద్ జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో కుళ్లి మీథేన్ వదిలేదనుకుంటే ప్లాస్టిక్‌కు మార్కులు బాగా పడతాయి. బోయిన్‌పల్లిలోలా గ్యాస్ ప్లాంటుకు వెళ్లేదనుకుంటే, కోల్పోయిన కరెంటును కూడా ప్లాస్టిక్ ఖాతాలోనే రాయాలి. ఒకే ప్లాంటు, ఒకే చెత్త, రెండు జవాబులు. పోలిక దేనితో అన్నది చెప్పని లెక్కను నమ్మడానికి లేదు.

కలిసిపోవడమంటే ఎక్కడ, ఎన్నాళ్లకు?

పీహెచ్ఏకు గట్టి బలం ఇక్కడే ఉంది. పీఎల్ఏ విరగాలంటే 58 డిగ్రీల వేడి ఉండే పారిశ్రామిక కంపోస్టు కావాలి. పొలంలో, చెరువులో అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పీహెచ్ఏ మామూలు నేలలో, మంచినీళ్లలో, సముద్రంలో కూడా విరుగుతుంది. వేగం మాత్రం మందాన్ని బట్టి. పీహెచ్ఏతో చేసిన నీళ్ల సీసా సముద్రంలో పూర్తిగా మాయం కావడానికి ఒకటిన్నర నుంచి మూడున్నర ఏళ్లు పట్టవచ్చని 2019లో పాత ప్రయోగాలన్నిటినీ క్రోడీకరించిన ఒక అధ్యయనం అంచనా వేసింది. శతాబ్దాలతో పోలిస్తే ఇది కనురెప్పపాటు. ఆ సీసా గొంతులో ఇరుక్కున్న తాబేలుకు ఆ తేడా లేదు. గాలి తగలని చెత్తకుప్ప అడుగున పడితే పీహెచ్ఏ కూడా మీథేన్‌గానే మారుతుంది.

ముద్ర చూసి మోసపోయే ప్రమాదం ఎంతో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పరిశోధకులు 2019లో చూపారు. 'బయోడిగ్రేడబుల్' అని రాసి ఉన్న ఒక రకం కవరు మూడేళ్లు మట్టిలో, సముద్రంలో ఉన్నాక కూడా సరుకులు మొయ్యగలిగింది. అది పీహెచ్ఏ కవరు కాదు. కానీ అంగట్లో కొనేవాడికి ఆ రెండింటి మీదా కనిపించేది ఒకే పచ్చ ఆకు బొమ్మ.

చట్టం కూడా తడబడుతూనే ఉంది. మన దేశంలో 2022 జూలై 1 నుంచి కొన్ని ఒకసారి వాడి పారేసే వస్తువులను నిషేధించారు, ఆ డిసెంబరు ఆఖరు నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని క్యారీ బ్యాగులు కూడదన్నారు. 2024 మార్చి సవరణ బయోడిగ్రేడబుల్ అన్న మాటకు నిర్వచనం బిగించింది: మామూలు పరిసరాల్లో, నేలలోనో నీటిలోనో, సూక్ష్మ ప్లాస్టిక్ ముక్కలు మిగలకుండా పూర్తిగా విరగాలి. కంపోస్టబుల్ వేరే తరగతి, దానికి వేరే ప్రమాణం. ఐరోపాలో పరిస్థితి విచిత్రం. ఒకసారి వాడే ప్లాస్టిక్‌పై 2019లో చేసిన చట్టం సహజ పాలిమర్లకు మినహాయింపు ఇచ్చింది. ఫ్యాక్టరీ ట్యాంకులో పులియబెట్టి తీసినది 'సహజం' కిందికి రాదని 2021 మార్గదర్శకాలు తేల్చాయి. బ్యాక్టీరియా మట్టిలో చేస్తే సహజం, స్టీలు ట్యాంకులో చేస్తే ప్లాస్టిక్. రసాయన శాస్త్రానికి ఈ తేడా అర్థం కాదు, చట్టానికి మాత్రం కావాల్సి వచ్చింది.

తేలనివి, తేలినంత వరకు తోచేవి

మామూలు ప్లాస్టిక్ కన్నా మూడు నుంచి అయిదు రెట్లు పలికే ధర ఎప్పటికి దిగుతుందో తేలలేదు. చెత్త నుంచి వచ్చిన ప్లాస్టిక్‌ను తిండి పదార్థాలకు తాకించవచ్చా అన్నది తేలలేదు. పురుగుమందుల అవశేషాలు, లోహాలు చివరి సరుకులో ఎంత మిగులుతాయో ప్రతి ప్లాంటూ విడిగా నిరూపించుకోవాలి. గుంపు పద్ధతి సరుకును ఏడాది పొడవునా ఒకే గుణంతో నిలపవచ్చా అన్నదీ తేలలేదని ఇందాకే చూశాం.

తేలిన కొద్దిపాటి విషయాలను బట్టి ఒక మాట చెప్పవచ్చు. కూరగాయల చెత్త ప్లాస్టిక్‌ను క్యారీ బ్యాగు చెయ్యడం దాని బలాన్ని వృథా చెయ్యడమే. కవరు స్థానంలో గుడ్డ సంచి ఉంది, దానికి పరిశోధన అవసరం లేదు. తిరిగి ఏరలేని చోట వాడే ప్లాస్టిక్ సంగతి వేరు. పుచ్చ, మిర్చి, టమాటా చేలల్లో పరిచే 25-30 మైక్రాన్ల మల్చింగ్ షీటును పంట అయ్యాక పీకడానికి కూలీలు చాలరు. పీకినా చినిగి ముక్కలు మట్టిలోనే ఉండిపోతాయి, లేదా గట్టు మీద తగలబెడతారు. నర్సరీ కవర్లదీ అదే కథ. ఇక్కడ తిండితో తాకిడి పేచీ తక్కువ, రంగు, మెరుపు అక్కర్లేదు, నేలలో విరగడమే ప్రధాన గుణం. ఐరోపాలో ఇలాంటి షీట్లకు 2018 నుంచి ప్రమాణం కూడా ఉంది: నేలలో రెండేళ్లలో 90 శాతం విరగాలి. టమాటా చేలో పరిచిన షీటు అమ్ముడుపోని టమాటా నుంచే రావడం మార్కెట్ యార్డుకూ పొలానికీ మధ్య దూరాన్ని కూడా తగ్గిస్తుంది.

కూరగాయల చెత్తతో ప్లాస్టిక్ చేస్తామంటూ మునిసిపాలిటీలకూ మార్కెట్ కమిటీలకూ ప్రతిపాదనలు వచ్చినప్పుడు శంకుస్థాపన తేదీ కన్నా ముందు నాలుగు అంకెలు రాతపూర్వకంగా అడగాలి. మా మార్కెట్ చెత్త టన్నుకు ఎన్ని కిలోల ప్లాస్టిక్ వస్తుంది, కిలోకు ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది, వేసవి సరుకూ చలికాలం సరుకూ ఎంత తేడాగా సాగుతాయి, మా నేలలో ఎన్ని నెలలకు విరుగుతుంది. ఈ నాలుగింటికీ కనీసం ఏడాది నడిపిన పైలట్ ప్లాంటు నుంచి జవాబు రాకపోతే, ఆ చెత్తను బయోగ్యాస్ ప్లాంటుకే పంపండి.